నలభై రోజులని రాసింది నేనే

వ్యాపారాల కోసం బ్లాగులు రాసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను కలుస్తుంటారు. ఎట్లా మొదలుపెట్టాలి, ఎంత పొడుగు రాయాలి, ఇంటర్నెట్‌లో వెతికినప్పుడు మొదటి పేజీలోకి ఎట్లా రావాలి అని అడుగుతారు. వాళ్లకు నేను చెప్పాల్సినదాంట్లో సగమే నోటితో చెప్పగలిగాను. మిగతా సగం దగ్గరికి వచ్చేసరికి మాట మార్చి, టీ తాగుతారా అని అడిగాను. టీ తాగి వెళ్లిపోయినవాళ్లకు కూడా చేరాలని ఇది రాస్తున్నాను.

నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. బడి మూతపడ్డాక, బస్టాండు దగ్గర ఒక మేడమీద శేఖర్ నడిపే ఆఫీసులో చేరాను. శేఖర్ నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. అయినా నేను సార్ అనేదాన్ని, అతను మేడం అనేవాడు. దుకాణాలకు, మిల్లులకు, ఆస్పత్రులకు వెబ్‌సైట్లు తయారుచేయడం అతని పని. వాటిలో తెలుగు రాయడం నా పని. పన్నెండేళ్లు చేశాను.

ఆదివారాలు మా చర్చి మందిరంలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని, స్త్రీల కూటం నడిపేదాన్ని. ఆ సంగతి ఇక్కడెందుకంటారా? నా తప్పు అక్కడే మొలిచింది.

దుకాణానికి బ్లాగు ఎందుకు

మొదట్లో నాకూ అర్థం కాలేదు. దుకాణం పేరు, ఫోన్ నంబరు, నాలుగు ఫోటోలు పెడితే చాలదా అనుకున్నాను. శేఖర్ ఒకరోజు తన ఫోన్ నా చేతికిచ్చి, ఏదన్నా వెతకమన్నాడు. మా ఇంట్లో కుక్కర్ విజిల్ రావడం లేదు, దాని గురించి వెతికాను.

"సూడండి మేడం, మీరు కుక్కర్ దుకాణం పేరు అడగలే. విజిల్ ఎందుకొస్తలేదని అడిగిన్రు. జనమంతా గంతే. వాళ్లకు దుకాణంతోటి పని లేదు, వాళ్ల తిప్పలతోటే పని."

విషయం అంతే. బోర్డు ఆ దారిన పోయేవాళ్లకే కనబడుతుంది. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో అడిగే మనిషి తన కష్టాన్ని అడుగుతాడు. ఆ కష్టానికి జవాబు ఎవరి పేజీలో ఉంటే, వెతుకులాటలో ఆ పేజీ ముందుకు వస్తుంది. ఒక్కసారి రాసి వదిలేసిన సైటు రానురాను కిందికి జారుతుంది. ఎప్పటికప్పుడు కొత్త ప్రశ్నకు కొత్త జవాబు రాస్తూపోతే, ఒక్కో జవాబు ఆ వ్యాపారానికి ఒక్కో వాకిలి అవుతుంది. జవాబు చెప్పినవాళ్ల మీద మనిషికి నమ్మకం కుదురుతుంది. నమ్మినవాళ్ల దగ్గరికే మనిషి వస్తాడు.

నమ్మకం అన్న మాటను గుర్తుపెట్టుకోండి. మనం అమ్మేది అదే. చాలామంది వ్యాపారులు పక్క దుకాణం వాడు పెట్టాడని బ్లాగు పెడతారు, మూడు నెలలకు విసుగొచ్చి ఆపేస్తారు. వాళ్లతో ఎవరికీ ప్రమాదం లేదు. ఆపకుండా రాయించేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి.

కోదాడలో ఒక స్టూలు

నా మొదటి పెద్ద పని కోదాడలో బోరు మోటార్లు బాగుచేసే దుకాణానికి. యజమాని వెంకటేశ్వర్లు. నేను తెలుగు టీచర్ని కదా, వారం రోజులు కష్టపడి శుద్ధమైన తెలుగులో ఒక వ్యాసం రాసి పట్టుకెళ్లాను. నీళ్లలో మునిగి పనిచేసే మోటారుకు జలాంతర్గామి అని పేరు పెట్టాను. ఆయన మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

"ఏంటి మేడం ఇది? జలాంతర్గామి అంటే నీళ్లలో యుద్ధం చేసే ఓడ కదండీ. నేను మోటార్లు చుట్టేవాణ్ణి. నేవీలో లేను."

దుకాణంలో ఉన్న రైతులు పకపకా నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

"రైతు ఫోను నోటికాడ పెట్టుకుని ఏమంటాడో తెలుసా అండీ? మోటారు ఊరికూరికే కాలిపోతుంది, ఏం చెయ్యాలి, అంటాడు. మీరూ అదే రాయండి. కూర్చోండి ఇక్కడ" అని ఒక స్టూలు లాగాడు.

రెండు రోజులు ఆ స్టూలు మీద కూర్చున్నాను. రైతులు అడిగింది, ఆయన చెప్పింది, ఉన్నదున్నట్టు రాసుకున్నాను. కరెంటు తక్కువగా వస్తున్నప్పుడు ఎందుకు నడపకూడదో, బోరులో నీళ్లు అయిపోయినా మోటారు తిరుగుతుంటే ఏమవుతుందో ఆయన విడమరిచి చెప్పేవాడు. కొత్త మోటారు కొంటానని వచ్చినవాణ్ణి కూడా, ముందు ఇవి చూసుకో అని తిప్పి పంపేవాడు. ఆ మాటలే పేజీ అయ్యాయి. కొన్ని నెలలకు ఆ పేజీ పైకి వచ్చింది. హుజూర్‌నగర్ నుంచి, మఠంపల్లి నుంచి మోటార్లు ట్రాలీల్లో వేసుకుని వచ్చారు.

ఈ పన్నెండేళ్లలో తలెత్తుకుని చూపించగలిగిన పని నాకు అదొక్కటే. పిల్లలూ, మీకు పనికొచ్చే పాఠమూ అదొక్కటే. దుకాణంలో నిజంగా చెప్పే మాటను రాయండి. అక్కడ లేని మాటను తయారుచేయకండి.

మిర్యాలగూడలో అటూ ఇటూ

తయారుచేయడం నేను మిర్యాలగూడలో నేర్చుకున్నాను. ఒక రైసుమిల్లు యజమాని, తన బియ్యం తింటే షుగరు పెరగదని రాయమన్నాడు. అది అబద్ధం, రాయనన్నాను.

"అబద్ధమెందుకు రాస్తవ్ టీచరమ్మా? జర అటిటు రాయి."

అటూ ఇటూ రాశాను. "షుగరు ఉన్నవాళ్లు కూడా మెచ్చుకునే బియ్యం" అని. మెచ్చుకోవడం ఎవరు కాదంటారు? ఆయన సంబరపడ్డాడు. శేఖర్ నా తెలివిని మెచ్చుకున్నాడు. ఆ రోజు ప్రార్థనలో నేను దాన్ని పాపమని ఒప్పుకోలేదు. అబద్ధం ఆడలేదు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అబద్ధానికి ఒక అడుగు ఇవతల నిలబడడం నేర్చుకుంటే, ఆ అడుగు దాటినప్పుడు మనకు తెలియదు. నాకు తెలియలేదు.

సాక్ష్యం రాసే విద్య

సూర్యాపేటలో ఒక క్లినిక్ ఉండేది. షుగరు ఉన్నవాళ్ల కాలి పుండ్లకు ఆకుపసరు కట్టు కట్టేవారు. వాళ్లు బ్లాగు కావాలని వచ్చారు. పుండు గురించి, పథ్యం గురించి పేజీలు రాశాను. పైకి రాలేదు. పెద్ద ఆస్పత్రుల పేజీలే ముందు వస్తున్నాయి.

"నయమైనోళ్లు చెప్పినట్టు ఉండాలె మేడం. ఊరి పేరుతోటి ఉండాలె. మోతె మనిషి మోతె పేరు జూస్తే ఆగుతడు. ఊరి పేరుతోటి ఎతికితే పెద్ద దవాఖానలోళ్లు రారు, మనమే వస్తం" అన్నాడు శేఖర్.

నయమైనవాళ్లను పంపండి, మాట్లాడి రాస్తాను అని క్లినిక్‌కు కబురు పెట్టాను. ఇవాళ, రేపు అన్నారు. ఎవరూ రాలేదు. నెల గడిచింది.

"మీరే రాయండి మేడం. నయమైనోళ్లు ఉన్నరంటున్నరు గదా. ఉన్నోళ్ల గురించే రాస్తున్నం అనుకోండి" అన్నాడు.

అట్లాగే అనుకున్నాను.

మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలును మనుషులు లేచి నిలబడి చెబుతారు. చదువురాని స్త్రీలు నలుగురిలో నోరు విప్పడానికి బెదురుతారు. వాళ్లను ముందురోజే కూర్చోబెట్టి నేర్పేది నేనే. మొదట నీ ఊరు చెప్పమ్మా, అప్పుడే వినేవాళ్లు నిన్ను నమ్ముతారు. తర్వాత నీ బాధ చెప్పు. అందరూ చేతులెత్తేసిన రోజు చెప్పు. ఆ తర్వాత నీకు దారి చూపిన మనిషి గురించి చెప్పు. చివర మేలు చెప్పు. ఏళ్ల తరబడి నేర్పిన విద్య అది. వాళ్లవి నిజమైన బాధలు, నిజమైన కన్నీళ్లు. నేను వరస మాత్రమే చెప్పేదాన్ని.

ఆ వరసను తీసుకుని క్లినిక్ పేజీ రాశాను. మోతె దగ్గర తండాలో ద్వాలి అనే ఆమెను పుట్టించాను. ఆమె కాలికి పుండు పెట్టాను. పెద్ద ఆస్పత్రిలో కాలు తీసేయాలన్నారని రాశాను. చుట్టాల మాట విని ఈ క్లినిక్‌కు వచ్చిందని రాశాను. ఎన్ని రోజులకు నయమైందని రాయాలి? ఎవరినీ అడగలేదు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నా చెయ్యి నలభై అని రాసింది. చిన్నప్పటి నుంచి లేఖనాల్లో విన్నది అదే. వాన నలభై రోజులు, ఉపవాసం నలభై రోజులు. దేవుడు మనిషి ఓపికను పరీక్షించే లెక్క అది. "మధ్యలో భయపడ్డాను, కానీ నలభై రోజులు ఓపిక పట్టాను" అని ద్వాలి చేత చెప్పించాను.

తర్వాత ఆమె పేరు, ఊరు మార్చి హుజూర్‌నగర్‌కు ఒక పేజీ, మఠంపల్లికి ఒక పేజీ, ఇంకా చుట్టుపక్కల మండలాలకు తలా ఒకటి చేశాను. పుండు అదే, కన్నీళ్లు అవే, నలభై రోజులూ అవే. అన్నీ పైకి వచ్చాయి. శేఖర్ ఆఫీసులో మిఠాయి పంచాడు. నేనూ తిన్నాను.

ద్వాలిని వెతుక్కుంటూ వచ్చిన మనిషి

ఒక మధ్యాహ్నం ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఒకామె మెట్లెక్కి వచ్చింది. పేరు కమిలి. మోతె వైపు తండా. ద్వాలి ఎవరో తమకు తెలియదని క్లినిక్ వాళ్లు అన్నారట. పేజీ అడుగున తయారుచేసినవాళ్లమని మా ఆఫీసు పేరు ఉంటే, ఇంటర్ చదివే ఆమె బిడ్డ అనిత చదివి చెప్పి పంపింది.

"మేడం, గా ద్వాలి ఏ తండామె? మాది గూడ గా దిక్కే. ఏడు తండాలు తిరిగిన. ద్వాలిలు నలుగురు దొరికిన్రు. ఒకామెకు కాళ్లు మంచిగున్నయ్, నా కంటె జల్ది నడుస్తది. ఒకామె సచ్చిపోయి శాన ఏండ్లాయె. ఇద్దరు చిన్న పోరగాండ్లు. మీ ద్వాలి దొరుకుతలేదు."

"ఆమెతో ఏం పనమ్మా?"

"మా ఆయనకు గదే పుండు. గాడనే కట్టు కట్టిస్తున్నం. మానుతలేదు. బొటనేలు నల్లగైతాంది. వాసనొస్తాంది. ద్వాలి ఏం పత్తెం జేసిందో, ఆమెకు గూడ మధ్యల గిట్లనే నల్లగైందో అడుగుదమని."

ఆమె ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. కోపం లేదు, అనుమానం లేదు. తాము ఏదో తప్పు చేశామని, ద్వాలికి తెలిసినదేదో తమకు తెలియలేదని ఆమె నమ్మకం.

వేలు నల్లబడుతోంది, వాసన వస్తోంది అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ పేజీల కోసమే నేను చదివాను. షుగరు ఉన్న మనిషి కాలు నల్లబడితే ఆ రోజే పెద్దాస్పత్రికి పోవాలని చదివి, దాన్ని రాయకుండా వదిలేసినదాన్ని నేనే.

"వాళ్లు పనికి హైదరాబాదు పోయిన్రమ్మా. నంబరు లేదు" అన్నాను.

"అయ్యో." వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "నలభై దినాలని రాసిన్రు గదా మేడం. మాకు ఇరవై ఆరు అయినయ్. ఇంక పద్నాలుగు ఓపిక పట్టాల్నా?"

ఒక్క మాట చాలు. ఇవాళే పెద్దదవాఖానకు తీసుకుపొమ్మంటే చాలు. కానీ ఆ మాట అంటే, మరి ద్వాలి సంగతేమిటని అడుగుతుంది. ఆమె అడగబోయే ప్రశ్నకు భయపడి నేనన్నది ఇది.

"ఓపిక పట్టండమ్మా. మీ ఆయన కోసం నేను ప్రార్థన చేస్త."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఆ ప్రార్థన నేను చేయలేదు. మోకరిస్తే మాట వచ్చేది కాదు. ఆ ఆదివారానికి ముందురోజు స్త్రీలకు సాక్ష్యం నేర్పుతుంటే ఎల్లమ్మ అనే ముసలామె అడిగింది. "సిస్టర్, నాకు నడుము ఇంక నొస్తనే ఉంది. నయమైందని చెప్పాల్నా? అందరు గట్లనే చెప్తున్నరు."

"నొస్తున్నదనే చెప్పమ్మా" అన్నాను. ఆమెకు చెప్పగలిగాను. కమిలికి చెప్పలేకపోయాను. ఆ తండాకు పోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

పోయేసరికి ఇంటికి తాళం. పక్కింటామె చెప్పింది. "హైదరాబాద్ దవాఖానల ఉన్నరు. మోకాలు కింద దాక తీసేసిన్రట."

పుట్టని మనిషి

వాళ్లు ఇంటికి వచ్చాక మళ్లీ పోయాను. కమిలి భర్త బిచ్చా మంచం మీద ఉన్నాడు. దుప్పటి ఒకవైపు పల్లంగా ఉంది. కమిలి నన్ను చూడగానే కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. నేను కుర్చీలో కూర్చోలేదు.

"అమ్మా, ద్వాలి లేదు."

"లేదంటే? సచ్చిపోయిందా?"

"పుట్టనే లేదు. నేను రాసిన. నలభై దినాలని రాసింది గూడ నేనే."

కమిలికి కొంతసేపు అర్థం కాలేదు. అనిత తమ భాషలో తల్లికి ఏదో చెప్పింది. కమిలి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"మరి ఏడు తండాలు తిరిగిన గదా మేడం" అన్నది.

తర్వాత మాట్లాడింది బిచ్చా. "వారం ముందుగాల తెస్తే ఏలు తోటి పోయేదన్నడు డాక్టరు. ఇది నీకాడికి వచ్చిపోయినంక వారం ఆగినం. ఎందుకాగినమో తెల్సా? గా మేడం దేవుని మనిషి, మనకోసం ప్రార్థన జేస్తదంట అని ఇది సంబురపడ్డది." నా ముఖంలోకి చూశాడు. "జేసినవా మరి?"

"చెయ్యలేకపోయిన."

"గిదొక్కటన్న నిజం జెప్పినవ్."

నేను ఏడ్చాను. అది చూసి కమిలికి కోపం వచ్చింది. అప్పటిదాకా మేడం, మీరు అన్న మనిషి లేచి నిలబడింది.

"నువ్వు ఏడుస్తే నాకేమొస్తది? గా రాత తీసెయ్. ఇంకొకతి ద్వాలిని ఎతుక్కుంట తిరగొద్దు. పో, తీసేసినంక రా."

తీసేస్తానని మాటిచ్చి వచ్చాను.

తీసేయడం

శేఖర్ చెడ్డవాడు కాడు. నేను చెప్పింది విని తల పట్టుకున్నాడు. కానీ సైటు క్లినిక్‌ది. వాళ్లు ఒప్పుకోలేదు, ఆ పేజీలు చూసే జనం వస్తున్నారు మరి. నేను ఉద్యోగం మానేసి, ఆ పేజీలు రాసింది నేనేనని సంతకం పెట్టి జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు ఇచ్చాను. కొన్ని నెలలకు క్లినిక్ మూతపడింది, సైటూ పోయింది. మా సంఘంలో కూడా సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి ఇదంతా చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు అయ్యగారు ఆ తర్వాత స్త్రీల కూటాన్ని వేరేవాళ్లకు అప్పగించారు. అది సరైన పనే.

సైటు పోతే రాత పోతుందనుకున్నాను. మీరు ఆ తప్పు చేయకండి. పైకి వచ్చిన పేజీని పదిమంది ఎత్తుకుపోతారు. వేరే ఊళ్ల నాటువైద్యం వాళ్లు నా ద్వాలిని అక్షరం మార్చకుండా తమ సైట్లలో పెట్టుకున్నారు. మోతె పేరు కూడా మార్చలేదు. వాళ్లకు ఉత్తరాలు రాశాను. ఒకరిద్దరు తీసేశారు. మిగతావాళ్లు జవాబే ఇవ్వలేదు.

ఇక చేయగలిగింది ఒకటే, దానికంటే పైకి వచ్చే నిజం రాయడం. సొంతంగా ఒక బ్లాగు మొదలుపెట్టాను. ప్రభుత్వాస్పత్రి డాక్టరొకరు కూర్చోబెట్టి చెప్పింది, జనం నోటితో అడిగే మాటల్లోనే రాశాను. వేలు నల్లబడితే ఆగొద్దని, రోజులు లెక్కపెట్టొద్దని రాశాను. నిజమైన మనిషి మాట కావాలని అడగడానికి సిగ్గు చంపుకుని బిచ్చా దగ్గరికే పోయాను.

"నా పేరు పెట్టు, ఊరు పెట్టు. ఫోటో గూడ తీస్కో. దుప్పటి తీసి తియ్యి" అన్నాడు.

ఆ పేజీ పెట్టి ఏడాది దాటింది. కొత్త సైటు కాబట్టి ఎదగడం ఆలస్యమని నాకు తెలుసు. పాత పేజీలకు ఇన్నేళ్ల బలం ఉంది. వాటికి ఆ బలం వచ్చేట్టు రాసింది నేనే కాబట్టి, అది ఎంత గట్టిదో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

కమిలి నన్ను క్షమించలేదు. నేను అడగనూ లేదు. కానీ పదిహేను రోజులకోసారి ఫోన్ చేస్తుంది. బాగున్నావా అనదు. మొన్న కూడా చేసింది.

"పైకొచ్చిందా?"

"ఇంకా రాలేదమ్మా. రెండో పేజీల ఉంది."

"ద్వాలి?"

"పైననే ఉంది."

"మల్ల రాయి" అని పెట్టేసింది.